చావు దీవిని గోడకు తగిలించుకున్నవాళ్లు

నూరేళ్ల కిందట జర్మనీలో కాస్త కలిగినవాళ్ల ఇంటికి వెళ్తే, ముందు గదిలో గోడకు ఒక అచ్చుబొమ్మ వేలాడుతూ కనిపించడం మామూలే. నల్లటి నీళ్లు. నీళ్ల నడుమ నిట్టనిలువు రాతి గోడలతో ఒక చిన్న దీవి. ఆ రాతిలో తొలిచిన సమాధి గదులు. దీవి మధ్యలో ఆకాశంలోకి ఎగబాకిన సైప్రస్ చెట్ల గుంపు. దీవి వైపు పోతున్న ఓ పడవ. పడవలో తెడ్డు వేసే మనిషి, తెల్లటి ముసుగు కప్పుకుని నిలబడ్డ ఒక ఆకారం, ఆ ఆకారం ముందు తెల్లగుడ్డ కప్పిన శవపేటిక. ఆ బొమ్మ పేరు ‘మృతుల ద్వీపం’. వేసినవాడు ఆర్నోల్డ్ బోక్లిన్.

ఈ సంగతి చెప్పగానే మన దగ్గర ఎవరైనా అడిగేది ఒకటే: శుభమా అని ఇల్లు కట్టుకుని, శవపేటిక ఉన్న బొమ్మ గోడకు కొట్టుకుంటారా?

అడగాల్సిన ప్రశ్నే. చావును చూపించే బొమ్మ భయపెట్టాలి కదా. కానీ ఈ బొమ్మ చూసినవాళ్లలో చాలామందికి భయం కన్నా ముందు ఒక రకమైన నిమ్మళం కలిగింది. బోక్లిన్ కోరుకున్నదీ అదే. ఎవరైనా తలుపు తడితే చూసేవాళ్లు ఉలిక్కిపడేంత నిశ్శబ్దం ఈ బొమ్మలో ఉండాలన్న అర్థం వచ్చేలా 1880లో ఒక ఉత్తరంలో రాశాడు. పైగా ‘మృతుల ద్వీపం’ అన్న పేరు ఆయన పెట్టింది కాదు. బొమ్మలు అమ్మే వ్యాపారి ఫ్రిట్జ్ గుర్లిట్ తర్వాత తగిలించిన పేరు.

అయితే నిశ్శబ్దం రంగుల గొట్టాల్లో దొరికే సరుకు కాదు. నూనె, రంగు పొడి, గుడ్డ, చెక్క: చిత్రకారుడి దగ్గర ఉన్నవి ఇవే. వీటితో చూసేవాడి ఒంట్లో నిమ్మళం ఎలా పుట్టించాడు? దీనికి జవాబు సగం బొమ్మలో ఉంది, సగం మన కంట్లో ఉంది.

ఒకే దీవి, ఐదు బొమ్మలు

బోక్లిన్ 1827లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు, 1901లో ఇటలీలో ఫ్లారెన్స్ పక్కనున్న ఫియెజోలేలో చనిపోయాడు. ఫ్లారెన్స్‌లో ఆయన పనిచేసే గదికి దగ్గరలోనే ‘ఇంగ్లిష్ స్మశానం’ ఉండేది. పసితనంలోనే పోయిన ఆయన కూతురు మరియాను అక్కడే పూడ్చారు. ఆ స్మశానంలో సైప్రస్ చెట్లు వరసగా ఉంటాయి. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో సమాధుల దగ్గర ఈ చెట్టు నాటడం పాత ఆచారం. మా దీవే ఆ బొమ్మలో దీవి అని చెప్పుకునే ఊళ్లు తర్వాత చాలానే తేలాయి గానీ, బోక్లిన్ ఏ ఒక్క చోటునూ చూసి గీసినట్టు లేదు. దాన్ని మనసులోనే కట్టుకున్నాడు.

1880లో మొదటి బొమ్మ ఇంకా సగంలో ఉండగా మారీ బెర్నా అనే ఆవిడ దాన్ని ఆయన గదిలో చూసి, తనకూ అలాంటిదొకటి కావాలని అడిగింది. అంతకు కొన్నేళ్ల ముందు ఆవిడ భర్త పోయాడు. పడవలో శవపేటికా తెల్లటి ఆకారమూ వచ్చింది ఆవిడ కోరిక మీదే. ఆవిడ కోసం వేసిన రెండో బొమ్మలో వాటిని చేర్చాక, అవి బాగా కుదిరాయని బోక్లిన్ మొదటి దానిలోకి కూడా తెచ్చాడు. తర్వాత 1883లో మూడోది, 1884లో నాలుగోది, 1886లో అయిదోది వేశాడు. మొదటిది ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో, రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, మూడోది బెర్లిన్‌లోని పాత జాతీయ చిత్రశాలలో, అయిదోది లైప్‌జిగ్‌లో ఉన్నాయి. నాలుగోది రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైంది. దాని ఫోటో ఒక్కటే మిగిలింది, అదీ నలుపు తెలుపుల్లో.

ఒకే దీవిని అయిదుసార్లు వేయడం కళను ఇష్టపడేవాళ్లకు ఒక అదృష్టం. ప్రయోగశాలలో ఏదైనా తేల్చుకోవాలంటే అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఒక్కదాన్ని మారుస్తారు. ఇక్కడ దీవి, చెట్లు, పడవ దాదాపుగా కదలవు. మారేవి వెలుతురు, రంగు, బొమ్మ వేసిన పలక. మొదటి రెండింటిలో పొద్దు వాలిపోయి చీకటి దిగుతోంది. మూడోదానికి వచ్చేసరికి ఆకాశం తేటపడింది, రాళ్ల మీద వెలుతురు తగిలింది. అయిదోదానిలో మబ్బు కమ్ముకొచ్చింది. మొదటిది గుడ్డ మీద వేశాడు, నాలుగోది రాగి రేకు మీద, మిగతా మూడూ చెక్క మీద. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే రంగు ఏ పని చేస్తోందో, రంగుతో పనిలేకుండా జరిగేది ఏమిటో విడదీసి చూడొచ్చు.

రంగు తీసేసినా నిలబడే బొమ్మ

రష్యన్ సంగీతకారుడు సెర్గెయ్ రాఖ్మానినోవ్ 1907లో ప్యారిస్‌లో ఈ బొమ్మ అచ్చు ప్రతిని చూశాడు. రంగులు లేవు, అంతా నలుపు తెలుపే. అది మనసులో నాటుకుపోయి అదే పేరుతో వాద్యబృందం కోసం ఒక కృతి కట్టాడు. అయిదు దెబ్బల తాళంలో ఊగే ఆ సంగీతం తెడ్డు వేస్తున్న పడవ నడకలా సాగుతుంది. 1909లో మాస్కోలో అది తొలిసారి వినిపించింది. తర్వాత ఆయనకు అసలు బొమ్మ చూసే అవకాశం వచ్చింది. అది ఆయన్ని అంతగా కదిలించలేదట. రంగుల బొమ్మనే ముందు చూసి ఉంటే ఆ కృతి రాసేవాణ్ణే కాదేమోనని ఆయన అన్నట్టు చెబుతారు.

రంగుల బొమ్మలో రంగు తీసేస్తే ఇంకా బాగుండటం ఏమిటి? ఇది అర్థం కావాలంటే కంటి పనిలో ఒక చీలిక తెలియాలి. దేన్ని చూసినా మనం రెండు వేరువేరు సంగతులు గ్రహిస్తాం. ఒకటి అది ఎంత వెలుగుగా ఉంది అన్నది. దీన్ని వెలుగుపాలు అందాం, శాస్త్రవేత్తలు ల్యూమినెన్స్ అంటారు. రెండోది అది ఎరుపా, నీలమా, ఆకుపచ్చా అన్నది. కంటి నుంచి మెదడుకు వెళ్లే దారుల్లో ఈ రెండూ కొంతవరకు విడిగానే నడుస్తాయి. ఏది ఎక్కడుంది, ఎంత లోతులో ఉంది, కదులుతోందా నిలిచుందా అని తేల్చే దారికి రంగు దాదాపు తెలియదు, అది వెలుగుపాలు చూసే పని కానిస్తుంది. ఇది ఏ వస్తువు, ఎవరి ముఖం అని తేల్చే దారి రంగును కూడా వాడుకుంటుంది.

హార్వర్డ్‌లో దృష్టి మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ దీన్ని చిత్రకారుడు క్లోద్ మోనే బొమ్మతో చూపించింది. ఇంప్రెషనిజం అన్న పేరు పుట్టడానికి కారణమైన ఆ బొమ్మలో, 1872 నాటి ల్ హావ్ర్ రేవు మీద నారింజ రంగు సూర్యుడు పొగమంచులో తేలుతుంటాడు. ఆ బొమ్మను నలుపు తెలుపుల్లోకి మారిస్తే సూర్యుడు ఇంచుమించు మాయమైపోతాడు. సూర్యుడికీ చుట్టూ ఉన్న బూడిద రంగు ఆకాశానికీ వెలుగుపాలు దాదాపు సమానం, తేడా అంతా రంగులోనే ఉంది. ఎక్కడుంది అని తేల్చే దారికి ఆ సూర్యుడు అందడు, ఏమిటి అని తేల్చే దారికి మాత్రం మండుతూ కనిపిస్తాడు. మెదడులో ఆ రెండు జవాబులూ కలవవు కాబట్టి సూర్యుడు వణుకుతున్నట్టు, నిలకడ లేనట్టు అనిపిస్తాడు.

బోక్లిన్ దీవి దీనికి సరిగ్గా ఎదురు. రంగు తీసేసినా ఇక్కడ ఒక్క వస్తువూ మాయం కాదు. రాళ్లు నడిమి వెలుగులో ఉంటాయి, చెట్లు కటిక చీకటిలో, పడవలో ఆకారం తెల్లగా. మూడు మెట్లు, మూడూ ఒకదానికొకటి దూరంగా. అంటే ఈ బొమ్మ ఎముకల గూడు వెలుగుపాలుతో కట్టింది. మెదడులో ఎక్కడ, ఏమిటి అన్న రెండు జవాబులూ ఇక్కడ ఒక్కటే, గొడవ లేదు. బొమ్మ వణకదు, నిలిచిపోతుంది. నిశ్శబ్దానికి మొదటి పునాది ఇక్కడ పడింది. మాక్స్ క్లింగర్ అనే కళాకారుడు 1890లో ఈ దీవిని లోహపు పలక మీద చెక్కి నలుపు తెలుపుల్లో అచ్చు తీశాడు. ఈ దీవి అంత మంది ఇళ్లకు చేరగలగడానికి ఈ గట్టి ఎముకల గూడే సాయపడింది, ఎందుకంటే అచ్చులో పోయేది రంగే గానీ గూడు కాదు.

అలాగని రంగు ఉత్త అలంకారమా? కాదు. రాఖ్మానినోవ్ మాటను మరోలా చదువుకోవచ్చు. నలుపు తెలుపు అచ్చులో ఆయన చూసింది ఎముకల గూడు, రంగును తన ఊహతో నింపుకున్నాడు. అసలు బొమ్మలో ఆ చోటు అప్పటికే వేరొకరు నింపేసి ఉన్నారు.

సందె వేళ కన్ను చేసే పని

బోక్లిన్ నింపిన రంగు ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఒక సాయంత్రం పెరట్లో ఎర్రమందారం చెట్టు ముందు కూర్చోండి. ఎండలో ఉన్నప్పుడు ఆకుల మధ్య పువ్వే ముందు కంటబడుతుంది. పొద్దు గుంకి చీకటి ముదిరే కొద్దీ పువ్వు నల్లబడుతుంది, ఆకులు మాత్రం ఇంకాసేపు తేటగానే కనిపిస్తాయి. చివరికి పువ్వు చెట్టులో ఒక నల్లటి చిల్లులా మిగులుతుంది. పువ్వు మారలేదు, కన్ను కాపలా మార్చుకుంది.

కంటి వెనక తెరలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. శంకు కణాలు సుమారు 60 లక్షలు, దండ కణాలు సుమారు 12 కోట్లు. శంకు కణాలకు వెలుతురు దండిగా కావాలి, రంగులు తేల్చేవి అవే. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, వాటికి రంగు తెలియదు, ఎరుపు వెలుతురు అయితే దాదాపు కనబడనే కనబడదు. నీలానికీ ఆకుపచ్చకూ నడుమనున్న వెలుతురు వాటికి బాగా అందుతుంది. సందె వేళ పని శంకు కణాల నుంచి దండ కణాల చేతికి మారుతుంటే, ఎరుపు చల్లారి నీలమూ ఆకుపచ్చా తేలతాయి. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో దీన్ని గమనించి రాసిన చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే పేరు మీదే దీన్ని పిలుస్తారు.

బోక్లిన్ బొమ్మను మనం చూసేది మ్యూజియంలో, మంచి వెలుతురులో. అక్కడ మన శంకు కణాలు నిండుగా పనిచేస్తుంటాయి. అయినా మొదటి రెండు బొమ్మల్లో మనకు సందె వేళే తెలుస్తుంది. చీకటిలో కన్ను ఏమేం పోగొట్టుకుంటుందో చిత్రకారుడు వాటిని ముందే తీసేసి ఇస్తున్నాడన్నమాట. మండే ఎరుపులు లేవు. నీలం, బూడిద, మురికి ఆకుపచ్చ, కొంచెం మట్టిరంగు, అంతే. పాత సినిమాల్లో రాత్రి సన్నివేశాన్ని పగలే తీసి, వెలుతురు తగ్గించి నీలి ఛాయ పూసేవారు. అక్కడా ఇదే కిటుకు. నీలిఛాయతో వెలుగు తగ్గిన దృశ్యాన్ని మెదడు పొద్దు గుంకిన వేళగా లెక్కగడుతుంది.

సందె వేళ ఇంకొకటి జరుగుతుంది. మనం దేన్నయినా సూటిగా చూసినప్పుడు దాని ప్రతిబింబం పడే కంటి తెర నడిమి చుక్కలో దండ కణాలు లేనే లేవు, అన్నీ శంకు కణాలే. అందుకే మినుకు మినుకుమనే నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే కనబడుతుంది. చీకట్లో మనం సూటిగా చూసే చోటే మనకు సరిగ్గా కనిపించని చోటు. ఇప్పుడు బొమ్మ నడిమికి రండి. రాతి గోడలు రెండు వైపుల నుంచీ చేతులు చాచినట్టు వంగి చూపును మధ్యకు తోస్తాయి. మధ్యలో ఉన్నది చెట్ల చీకటి. అక్కడ కొమ్మ, ఆకు, తొవ్వ ఏదీ తేలదు. చూపు వెళ్లిన చోటే ఏమీ దొరకదు. నిజమైన చీకటిలో కంటికి తెలిసిన ఆ అనుభవాన్నే బోక్లిన్ పట్టపగలు మన ముందు పెట్టాడు.

అక్కడ ఏమీ దొరకని చూపు వెనక్కి తిరిగి తెల్లటి ఆకారం దగ్గర ఆగుతుంది. ఆ తెలుపు గొట్టంలోంచి తీసిన పచ్చి తెలుపే కానక్కర్లేదు. ప్యారిస్‌లో గోబెలాఁ నేతశాలలో అద్దకాల పని చూసే రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రెల్‌కు ఒకప్పుడు నల్ల నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నలుపు పక్కన నీలం, ఊదా దారాలు నేశారు, వాటి వల్ల నలుపు వెలిసినట్టు కనిపించింది. ఏ రంగూ ఒంటరిగా కనిపించదని, పక్క రంగు దాన్ని తనకు ఎదుటి వైపుకు నెడుతుందని ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. బోక్లిన్ బొమ్మలో ఆ ఆకారం చుట్టూ నల్లటి నీళ్లు, నల్లటి చెట్లు. వేలెడంత లేని ఆ తెల్ల మచ్చకు అంత బలం వచ్చింది ఇరుగుపొరుగు నలుపు వల్ల. 1883 నాటి మూడో బొమ్మలో ఆకాశం తేటపడింది కాబట్టి వెలుతురు మరికొన్ని చోట్లకు పంచుకుపోయింది. చూపు ఇంకాస్త తీరిగ్గా రాళ్ల మీద తిరుగుతుంది.

కంటితో తడిమి చూడటం

రంగు కాక ఇంకొకటుంది. గరుకుదనం, నునుపు, జిగి, ముతకదనం ఇవన్నీ వేలితో తెలిసేవే అయినా కంటికీ తెలుస్తాయి. దీన్ని కంటిస్పర్శ అందాం, ఇంగ్లిష్‌లో టెక్స్చర్. బొమ్మలో కంటిస్పర్శ రెండు అంతస్తుల్లో ఉంటుంది: గీసిన వస్తువుది ఒకటి, పూసిన రంగుది ఇంకొకటి.

ముందు గీసినది చూద్దాం. రాయి పగుళ్లతో, అంచులతో, అడ్డగీతలతో నిండి ఉంది. సైప్రస్ చెట్లు నిలువు గీతల్లో మెత్తగా కలిసిపోయాయి. నీళ్లయితే పడవ చుట్టూ, దీవి అంచున చిన్న కదలిక తప్ప దాదాపు అద్దమే. బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన బేలా యూలెష్ 1960ల నుంచి ఈ కంటిస్పర్శ మీద చాలా ప్రయోగాలు చేశాడు. రెండు చోట్ల గరుకుతనంలో తేడా ఉంటే మనం మనసు పెట్టి చూడకముందే, రెప్పపాటులో మెదడు వాటి మధ్య గట్టు కట్టేస్తుందని చూపించాడు. బోక్లిన్ బొమ్మలో రాయి, చెట్టు, నీరు అన్న మూడు ముక్కలూ అలా తొలిచూపులోనే విడిపోతాయి. ఆలోచించి విడదీయాల్సిన పని మనకు మిగలదు.

నీళ్లు ఇక్కడ మరీ ముఖ్యం. నిజమైన సముద్రం మీద ముడతలుంటాయి, దూరం పోయే కొద్దీ ఆ ముడతలు దట్టమవుతాయి, దాన్ని బట్టే దూరం తెలుస్తుంది. బోక్లిన్ ఆ ముడతలు చాలా వరకు తీసేశాడు. దాంతో రెండు పనులు జరిగాయి. పడవకూ దీవికీ మధ్య దూరం ఎంతో తేల్చుకోలేం. కదలికకు ఆనవాలు కూడా పోయింది. గాలి లేదని, అల లేదని, చప్పుడు లేదని కళ్లే చెబుతాయి. చెవికి సంబంధించిన నిశ్శబ్దాన్ని కంటిస్పర్శ ద్వారా తేవడం అంటే ఇదే.

ఇక పూత సంగతి. చిత్రకారుడు వాన్ గో లాగా రంగును ముద్దలు ముద్దలుగా, కుంచె జాడలు ఎత్తుగా లేచేలా పూయడం బోక్లిన్ పద్ధతి కాదు. ఆ ముద్దపూత మీద ఎటు నుంచి వెలుతురు పడినా చిన్న చిన్న నీడలు పడి గోడ మీది బొమ్మ కదులుతున్నట్టు అనిపిస్తుంది. నిశ్శబ్దం కావాలనుకున్నవాడికి అది పనికిరాదు. ఆయన పాత ఇటాలియన్ చిత్రకారుల పద్ధతులు తవ్వి తీసి, నూనె, గుడ్డు సొన, జిగురు రకరకాలుగా కలిపి చూసేవాడు. పల్చటి రంగును పొర మీద పొరగా వేసే పల్చపూత ఈ కళలో పాతదే. చిత్రకారులు దాన్ని గ్లేజ్ అంటారు.

పల్చపూత ఎందుకంత లోతుగా కనిపిస్తుందో కడప బండ చెబుతుంది. ఇంటి ముందు పరిచిన నల్ల కడప బండ ఎండిపోయి ఉన్నప్పుడు బూడిద రంగులో, వెలిసినట్టు ఉంటుంది. నీళ్లు చల్లగానే నల్లగా, లోతుగా మారిపోతుంది. ఆరగానే మళ్లీ బూడిదే. నీటికి రంగు లేదు, బండ రంగు మారలేదు. మారింది బండ పైనున్న గరుకు. ఎండు బండ పైన కంటికి ఆనని మిట్టపల్లాలు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. అలా చెదిరిన తెల్ల వెలుతురు బండ రంగు మీద పొగలా కప్పుకుంటుంది. నీళ్లు పోసినప్పుడు ఆ పల్లాలు నిండి పైభాగం చదునవుతుంది. పైనుంచి చెదిరే వెలుతురు తగ్గుతుంది, ఎక్కువ వెలుతురు లోపలికి దిగుతుంది, బండలో ఇంకిపోతుంది లేదా దాని రంగును పట్టుకుని బయటికొస్తుంది. నీటి పొర కొంత వెలుతురును మళ్లీ కిందికే తిప్పి పంపుతుంది కూడా. అందుకే నలుపు చిక్కబడుతుంది.

బొమ్మలో నూనె, ఆఖర్న పూసే వార్నిష్ ఆరని నీళ్ల లాంటివి. రంగు పొడి రేణువుల మధ్య గాలి ఉంటే రంగు పేలవంగా ఉంటుంది. ఆ సందుల్లో నూనె నిండితే రంగు చిక్కనవుతుంది. సుద్దపొడి చూడండి. నీళ్లలో కలిపి పూసి ఆరనిస్తే తెల్లగా ఉంటుంది, నూనెలో కలిపితే ఆ తెలుపు పోయి మురికి జిగురులా, ఇంచుమించు పారదర్శకంగా తయారవుతుంది. సుద్దలోనూ నూనెలోనూ వెలుతురు ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి రెండింటి మధ్య గట్టు వెలుతురుకు కనబడదు. ఆ కాలంలో తెలుపు కావాలంటే సీసపు తెలుపో జింకు తెలుపో వాడాల్సి వచ్చేది.

ఇప్పుడు బోక్లిన్ పలకలు గుర్తు చేసుకోండి. గుడ్డకు నేత ఉంటుంది, ఎంత పూత పూసినా ఆ గళ్లు ఎక్కడో ఒకచోట పైకి తేలి వెలుతురును చెదరగొడతాయి. చెక్క మీద అడుగు పూత పూసి రుద్దితే నున్నటి నేల దొరుకుతుంది. రాగి రేకు నూనెను అసలు పీల్చుకోదు, దాని మీద పల్చపూత జిగి పోకుండా ఉంటుంది. పలకే మారిపోతే, అదే గీత, అదే రంగు వేసినా కంటిస్పర్శ మారుతుంది. అచ్చుపుస్తకంలో మనకు దొరకనిది సరిగ్గా ఇదే.

రంగుకు నిఘంటువు లేదు

బోక్లిన్ ఆఖరి దీవి వేసిన 1886లోనే, సెప్టెంబరు 18న, ప్యారిస్ పత్రిక ల ఫిగారోలో కవి జ్యాఁ మొరెయాస్ సింబాలిజం ప్రకటన అచ్చువేశాడు. మనవాళ్లు ప్రతీకవాదం అంటారు. కంటికి కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు దించడం కాకుండా, లోపలి భావాన్ని కంటికి కనిపించే వస్తువుల్లోకి తెచ్చిపెట్టడం ఈ ధోరణి పని. అదే ఏడు ఇంప్రెషనిస్టులు తమ ఎనిమిదో, ఆఖరి ఉమ్మడి ప్రదర్శన పెట్టారు. ఎండ ఎలా పడుతోందో చూసి గీసే తరం తప్పుకుంటుంటే, ఎండే లేని చోటు ఊహించి గీసే తరం ముందుకొచ్చింది.

ప్రతీక అనగానే మనం చేసే పొరపాటు, తెలుపంటే ఇది, నలుపంటే అది అని పట్టిక వేసుకోవడం. పట్టిక నిలవదు. ఆ రోజుల యూరప్‌లో భర్త పోయిన ఆడవాళ్లు నల్లబట్టలు కట్టేవారు, తెలుపు పెళ్లికూతురి రంగు. మన దగ్గర పాత ఆచారంలో వితంతువుకు తెల్లచీర. పడవలోని తెల్లటి ఆకారాన్ని చూసి లైప్‌జిగ్ వాళ్లకు తట్టేది వేరు, రాజమండ్రి వాళ్లకు తట్టేది వేరు. కానీ చుట్టూ చీకటిలో ఆ తెలుపే ముందుగా కంటబడటం అందరికీ ఒకటే. ఆచారం దేశానికొక తీరు, కంటి తెర మాత్రం మనుషులందరికీ ఒకే తీరు. మంచి ప్రతీకవాద చిత్రకారుడు ముందు రెండోదాన్ని పట్టుకుంటాడు, మొదటిదాన్ని చూసేవాడికి వదిలేస్తాడు. ఆ వదిలేయడంలో ప్రమాదమూ ఉంది. పోయిన భర్త గుర్తుగా ఒక స్త్రీ వేయించుకున్న దీవిని, మూడో ప్రతి రూపంలో, 1930లలో హిట్లర్ కొనుక్కున్నాడు. అదే వెలుతురు, అదే పూత. తన ముందు ఎవరు నిలబడాలో బొమ్మ నిర్ణయించలేదు.

ప్రతీకవాద ధోరణిలోనే, బోక్లిన్‌కు పూర్తిగా ఎదురు పద్ధతిలో నడిచిన బొమ్మ ఒకటి ప్యారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. 1888లో ఫ్రాన్స్‌లోని పోంటావెన్ దగ్గర, ఏరు పక్కన అడవిలో పాల్ సెరూసియే ఒక చిన్న చెక్కపలక మీద వేశాడు. పలక ఎత్తు 27 సెంటీమీటర్లు. పక్కన నిలబడి నేర్పింది పాల్ గొగేన్. చెట్టు పసుపుగా అనిపిస్తే ఉన్నదాంట్లో మంచి పసుపు పెట్టు, నీడ నీలంగా అనిపిస్తే సిసలైన నీలం పెట్టు, అన్న తీరులో ఆయన పాఠం సాగింది. ఫలితం పసుపు, నీలం, ఎరుపు ముక్కల పొందిక. దూరం నుంచి చూస్తే గానీ అవి చెట్లని, నీళ్లలో వాటి నీడలని తెలియదు. కుంచె జాడలు దాచలేదు. బోక్లిన్ వెలుగుపాలు మీద కట్టినదాన్ని సెరూసియే రంగు మీద కట్టాడు. ఇద్దరూ ఎదుట ఉన్నదాన్ని దించలేదు. ఒకరు రంగు నోరు నొక్కి, ఇంకొకరు రంగు నోరు విప్పి, చూసేవాడి లోపల జరగాల్సినదాన్ని లెక్కగట్టారు. సెరూసియే ఆ పలకను ప్యారిస్ తీసుకెళ్లి స్నేహితులకు చూపించాడు. వాళ్లు దానికి ‘తాయెత్తు’ అని పేరు పెట్టుకున్నారు.

ఇంట్లో కూర్చుని చేసే పరీక్షలు

ఇవన్నీ ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న రెండో బొమ్మ ఫోటోను వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. ఫోన్‌లో దించుకుని ముందు నలుపు తెలుపుల్లోకి మార్చండి. ఏవేవి నిలబడ్డాయి, ఏవి కలిసిపోయాయి చూడండి. అదే పని మోనే సూర్యుడికి చేయండి. తర్వాత రంగులోకి తెచ్చి, పడవలోని తెల్లటి ఆకారాన్ని వేలితో మూయండి. దీవి ఎంత వెనక్కి జరిగిందో, చెట్ల నలుపు ఎంత పలచబడిందో గమనించండి. కళ్లు చికిలించి చూస్తే వివరాలు పోయి వెలుగు ముక్కలే మిగులుతాయి. చిత్రకారులు పని మధ్యలో చేసేది ఇదే.

ఏ మ్యూజియానికైనా వెళ్లినప్పుడు మూడో పరీక్ష చేయొచ్చు, ఇది ఫోన్‌లో కుదరదు. నూనె రంగుల బొమ్మ ముందు నిలబడకుండా పక్కకు జరిగి, గోడ వెంబడి ఏటవాలుగా చూడండి. గుడ్డ నేత, కుంచె జాడ, పల్చపూత జిగి, మరమ్మతు చేసిన చోటు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మ్యూజియాల్లో బొమ్మల వైద్యులు కూడా మొదట పక్కనుంచి దీపం వేసి ఇలాగే చూస్తారు. ఆ తర్వాత మళ్లీ ఎదురుగా వచ్చి చూస్తే, ఇందాక ‘బాగుంది’ అని ఒక్క మాటలో తేల్చేసిన చోట చెప్పడానికి నాలుగు మాటలు దొరుకుతాయి.

అలా చూడటం అలవాటైనవాళ్లకు నాలుగో దీవి నష్టం ఎంతో అర్థమవుతుంది. ఈ రోజుల్లో కంప్యూటర్ నలుపు తెలుపు ఫోటోకు క్షణాల్లో రంగులద్దుతుంది, మిగతా నాలుగు బొమ్మలూ చూపించి పోయిన ఈ నాలుగోదాన్ని నింపమంటే నింపుతుంది కూడా. అది నమ్మదగ్గది కాదు. ఆ నాలుగింటిలోనూ దీవి అదే, రంగు మాత్రం ప్రతిసారీ వేరు. బోక్లిన్ కావాలని మార్చింది దాన్నే. మారకుండా ఉన్నదేదో అది ఆ ఫోటోలో ఇప్పటికే ఉంది. మారినదేదో అది రాగి రేకుతో పాటే పోయింది, మిగతా నాలుగింటిలో ఎంత వెతికినా దాని ఆచూకీ దొరకదు.